చైనాలో పంతులు, పంతులమ్మ: ఇంగ్లీషు చెప్పనన్న జంట నుంచి ఇంగ్లీషే వీసా అయిన జంటల దాకా

2014 ఆగస్టులో డాన్‌డాంగ్ అనే ఊళ్లో ఒక కెనడా జంటని తెలిసినవాళ్లు రాత్రి భోజనానికి పిలిచారు, తినేసి బయటికి వస్తుంటే పోలీసులు ఇద్దర్నీ పట్టుకుపోయారు. కెవిన్ గారట్, జూలియా గారట్. డాన్‌డాంగ్ అంటే యాలు నది ఒడ్డున ఉంటుంది, నదికి అవతల గట్టు ఉత్తర కొరియా, ఈ భార్యాభర్తలు అక్కడ చిన్న కాఫీ షాపు నడిపేవాళ్లు. గూఢచారులని ఆరోపణ, కాదని వాళ్లు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు. కొన్ని నెలలకి ఆవిడకి బెయిల్ వచ్చింది కానీ ఆయన్ని మాత్రం 2016 సెప్టెంబర్ దాకా ఉంచుకుని అప్పుడు దేశం దాటించారు. అరెస్టుకి కొద్ది వారాల ముందే కెనడాలో ఒక చైనా వ్యాపారిని అమెరికా అడిగిందని పట్టుకున్నారు, అందుకు బదులు తీర్చుకున్నారని చాలామంది అప్పుడే అనుకున్నారు, అది పక్కన పెడదాం. నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే వీళ్లు చైనాలో అడుగుపెట్టింది 1984లో, వయసులో ఉన్న క్రైస్తవ జంటగా, ఇంగ్లీషు టీచర్లుగా. ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నారు, పిల్లల్ని అక్కడే పెంచుకున్నారు.

చర్చి నమ్మకంతో వెళ్లే కుర్ర జంటలు ఎప్పుడూ టీచర్ ఉద్యోగం మీదే ఎందుకు వెళ్తారు, చైనా ప్రభుత్వానికి ఆ టీచర్ అనే మాట వినగానే ఎందుకు చెవులు నిక్కబొడుచుకుంటాయి అంటే రెండొందల ఏళ్లు వెనక్కి పోవాలి.

మొదలు 1807, చైనాకి వెళ్లిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీ రాబర్ట్ మోరిసన్. లండన్ మిషనరీ సొసైటీ పంపింది. మన విశాఖపట్నానికి 1805లో క్రాన్‌నీ, డేగ్రాంజెస్‌నీ పంపింది కూడా ఈ సొసైటీయే, వాళ్లు తెలుగులో సువార్తలు అనువదించే పనిలో పడ్డారు, రెండేళ్ల తేడాతో మోరిసన్ చైనా రేవు కాంటన్‌లో (ఇప్పటి గ్వాంగ్‌జౌ) దిగాడు. తేడా ఏంటంటే విశాఖలో తెలుగు నేర్పే పండితుణ్ణి పెట్టుకుంటే అడిగేవాడు లేడు, కాంటన్‌లో విదేశీయుడికి చైనీస్ నేర్పడం నేరం. మోరిసన్‌కి చదువు చెప్పిన ఒకాయన దొరికిపోతే మింగెయ్యడానికి దగ్గర విషం పెట్టుకుని తిరిగేవాడని చెప్పుకుంటారు. ఇక మిషనరీగా ఉండనివ్వరు కాబట్టి 1809లో ఈస్టిండియా కంపెనీలో అనువాదకుడి ఉద్యోగంలో చేరాడు, పెళ్లి కూడా అదే రోజు. కాంటన్ విదేశీ కోఠీల్లోకి ఆడవాళ్లని రానిచ్చేవాళ్లు కాదు, దాంతో భార్య మేరీ పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్న మకావులో, ఆయన వ్యాపార సీజన్ మొత్తం కాంటన్‌లో. 1821లో ఆవిడ కలరాతో పోయింది, పూడ్చడానికి చోటు దొరక్క కంపెనీ స్థలం కొంటే అదే మకావులో ప్రొటెస్టెంట్ల శ్మశానం అయింది. అసలు పని ఒకటి, కాగితం మీద పని ఇంకొకటి అనే పద్ధతికి అక్కడే శ్రీకారం చుట్టారు అనుకోవచ్చు.

తర్వాత చైనా మీద బ్రిటన్ చేసిన నల్లమందు యుద్ధాలు. 1842 నాంకింగ్ ఒప్పందంతో ఐదు రేవులు తెరిపించారు, 1858, 1860 ఒప్పందాలతో మిషనరీలకి దేశం లోపలికి పోయే హక్కు వచ్చింది. నల్లమందు ఓడలకి దారి తెరిచిన తుపాకులే బైబిల్‌కీ తెరిచాయి, ఈ మరక చైనా పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ పోలేదు, పోవాలని నేను అనను కూడా.

ఈ ఒప్పందాల నీడలో వెళ్లిన జంటల్లో నాకు బాగా నచ్చే కథ మటీర్ దంపతులది. కాల్విన్ మటీర్, జూలియా బ్రౌన్. అమెరికాలో 1862 చివర్లో పెళ్లి, 1863 జులైలో ఓడెక్కారు, ఐదు నెలలకి పైగా సముద్రం మీదే. షాంఘై చేరి అక్కణ్ణుంచి ఉత్తరానికి చిన్న స్టీమర్ ఎక్కితే అది చీఫూ అనే రేవు దగ్గర రాత్రిపూట ఒడ్డున కూరుకుపోయింది, జనవరి చలి, మంచులో దిగి నడిచి ఏదో పల్లెలో తలదాచుకున్నారు. ఆయనకి అప్పుడు 28, ఆవిడ ఇంకో ఏడాది చిన్న. 1864 జనవరిలో శాన్‌డాంగ్ రాష్ట్రంలోని డెంగ్‌జౌ చేరారు, ఇప్పుడు పెంగ్లాయ్ అంటారు. అక్కడ కాపురం పెట్టింది ఎక్కడంటే గ్వాన్‌యిన్ దేవత గుళ్లో. ఊళ్లో విదేశీయుడికి ఇల్లు అద్దెకిచ్చేవాడు లేడు, పాడుబడ్డ గుడి అయితే మిషన్ చేతికి వచ్చింది. దేవత గుళ్లో పాస్టర్ గారి వంటిల్లు, చుట్టుపక్కల వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అదే ఏడాది ఆరుగురు మగపిల్లలతో బడి మొదలెట్టారు. ఊళ్లో కాస్త కలిగినవాడు ఎవడూ కొడుకుని యాంగ్ గుయ్‌జి దగ్గరికి పంపడు, అంటే విదేశీ దెయ్యం అన్నమాట, వీధిలో పిల్లలు అరిచే మాట అదే. పైగా పంపితే వచ్చేదేంటి? అక్కడ చదువంటే కన్ఫ్యూషియస్ గ్రంథాలు బట్టీ పట్టి పరీక్ష రాసి సర్కారు కొలువు కొట్టడం, దొర నేర్పే లెక్కలు, భూగోళం ఆ పరీక్షలో రావు. అందుకే వచ్చినవాళ్లంతా తిండికి లేనివాళ్లు. బువ్వ, బట్ట, పుస్తకాలు అన్నీ ఫ్రీ, బదులుగా మధ్యలో పిల్లాణ్ణి తీసుకుపోం అని తల్లిదండ్రులు కాగితం రాసివ్వాలి. మన దగ్గర 1854 తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వం మిషన్ బళ్లకి గ్రాంటులు ఇవ్వడం మొదలెట్టింది, ఆ చదువు చదివితే గుమాస్తా ఉద్యోగం ఖాయం, బందరు నోబుల్ కాలేజీకి పై కులాల వాళ్లు కూడా కొడుకుల్ని పంపారు. చైనాలో ఆ ఎర లేదు. ఇది చాలా పెద్ద తేడా, మన అనుభవంతో చైనా మిషన్ బళ్లని చూస్తే తప్పు అర్థమవుతుంది.

ఇంకా వింత ఏంటంటే మటీర్ బళ్లో ఇంగ్లీషు లేదు. ఉండకూడదని ఆయనే పట్టుబట్టాడు. ఇంగ్లీషు వస్తే పిల్లలు షాంఘై రేవులకి దళారీ ఉద్యోగాలకి పారిపోతారు, ఊళ్లో ఎవరూ మిగలరు అని ఆయన లెక్క. పొద్దున కన్ఫ్యూషియస్ పాఠాలకి చైనా పంతుల్నే పెట్టాడు, మిగతా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బైబిల్ అన్నీ చైనీస్‌లోనే. పుస్తకాలు లేవు, తనే రాసుకున్నాడు, అందులో లెక్కల పుస్తకంలో 1, 2, 3 అంకెలు వాడాడు, అవి మామూలైపోవడానికి ఆ పుస్తకం చాలా పనికొచ్చింది. ఇంటి పక్కన వర్క్‌షాప్ పెట్టి ప్రయోగాలకి కావాల్సిన సామాన్లు సొంతంగా చేయించేవాడు.

మరి జూలియా? మిగతా పని మొత్తం ఆవిడే. పిల్లల తిండి, కుట్టు, జ్వరమొస్తే పక్కన కూర్చోడం, భూగోళం, పాట. పాట దగ్గర తమాషా ఉంది. చైనా జానపదాల్లో ఎక్కువగా ఐదు స్వరాలే, మన మోహన రాగం లాగా, మ, ని ఉండవు, చర్చి పాటల్లో ఆ రెండూ వస్తాయి, అక్కడికి వచ్చేసరికి క్లాసు మొత్తం జారిపోయేదని ఆ కాలం మిషనరీలు చాలామంది మొరపెట్టుకున్నారు. ఆవిడ 1872లో సంగీతం నేర్పే పుస్తకమే చైనీస్‌లో రాసింది. సొంత పిల్లలు లేరు. ఆ రోజుల్లో చాలా మిషన్లలో భార్య అంటే మొగుడి జీతంలోనే కలిసిపోయిన మనిషి, రిపోర్టుల్లో పేరు కూడా మిసెస్ ఫలానా. 1890ల నాటికి చైనాలో ప్రొటెస్టెంట్ మిషనరీల్లో సగం కన్నా ఎక్కువ ఆడవాళ్లే అయినా కమిటీల్లో కూర్చునేది మాత్రం దొరలే. మా అమ్మమ్మ మిషన్ హాస్టల్లో చదువుకుంది, ఆవిడ ఎప్పుడు చెప్పినా దొరసాని సంగతులే చెప్పేది, దొర పేరు కూడా గుర్తులేదు తనకి.

ఊరు మాత్రం వీళ్లని పూర్తిగా నమ్మలేదు. 1870 జూన్‌లో తియాన్‌జిన్‌లో అనాథాశ్రమం నడిపే ఫ్రెంచి సిస్టర్లు పిల్లల కళ్లు పీకి మందు చేస్తున్నారని పుకారు పుట్టింది, మన దగ్గర వంతెన కడితే పిల్లల తలకాయలు కావాలంట అని పుడుతుంది చూడండి, అచ్చం అలాంటిదే, జనం మీదపడి సిస్టర్లని, ఫ్రెంచి కాన్సుల్‌ని చంపేశారు. డెంగ్‌జౌ మిషనరీలు కూడా కొన్నాళ్లు చీఫూకి వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది. ఇక 1900లో విదేశీయుల్ని తరిమెయ్యాలని లేచిన బాక్సర్ల తిరుగుబాటు, దాదాపు 190 మంది ప్రొటెస్టెంట్ మిషనరీలు, వాళ్ల పిల్లలు చనిపోయారు, చైనా క్రైస్తవులైతే వేలకి వేలు, వాళ్ల సంగతి ఇంగ్లీషు పుస్తకాల్లో ఎప్పుడూ రెండో పేరాలోనే వస్తుంది.

జూలియా 1898లో పోయింది, 1900 గొడవ చూడలేదు. సరిగ్గా అప్పటికే పరిస్థితి తిరగబడుతోంది. పెకింగ్‌లో కొత్తగా పెట్టిన ఇంపీరియల్ యూనివర్సిటీకి సైన్సు చెప్పేవాళ్లు కావాల్సి వస్తే డెంగ్‌జౌలో మటీర్ దగ్గర చదివిన కుర్రాళ్లని తీసుకెళ్లారు, 1901లో శాన్‌డాంగ్ గవర్నర్ యువాన్ షికాయ్ తన కాలేజీకి మటీర్ తర్వాతి ప్రిన్సిపాల్ హేస్‌నే పిలిచాడు. కానీ విద్యార్థులు కన్ఫ్యూషియస్‌కి మొక్కాలన్న రూల్ దగ్గర పేచీ వచ్చి హేస్ వదిలేశాడు. 1905లో పాత పరీక్షలు రద్దయ్యాక మిషన్ చదువుకి ఒక్కసారి గిరాకీ పెరిగింది, 1920ల నాటికి ప్రొటెస్టెంట్ కాలేజీలే పదికి పైగా. గిరాకీతో పాటే కోపం కూడా, 1922లో క్రైస్తవ వ్యతిరేక ఉద్యమం, 1924లో మా చదువు హక్కు మాకివ్వండి అని ఇంకో ఉద్యమం, 1925లో అయితే స్కూలు పెద్ద చైనీయుడై ఉండాలి, బైబిల్ క్లాసు తప్పనిసరి చెయ్యకూడదు అని రూల్. నాంకింగ్‌లో పాఠాలు చెప్పుకుంటున్న, తర్వాత పేరున్న నవలా రచయిత్రి అయిన పెర్ల్ బక్, ఆమె భర్త లాసింగ్ బక్ 1927 మార్చిలో సైన్యం ఊళ్లోకి వచ్చినప్పుడు ఒక పేదావిడ గుడిసెలో దాక్కుని బతికారు. పెర్ల్ పుట్టిన మూణ్ణెల్లకి చైనా వచ్చి అక్కడే పెరిగిన మిషనరీ కూతురు. అయినా ఆ రోజు తెల్ల మొహం తెల్ల మొహమే.

1949లో కమ్యూనిస్టులు వచ్చిన తర్వాత కథ తొందరగానే అయిపోయింది. కొరియా యుద్ధంతో అమెరికా డబ్బు ఆగింది, బళ్లు, కాలేజీలు ప్రభుత్వం తీసేసుకుంది, 1952లో కాలేజీలన్నీ కలిపి మార్చేశారు, మిషన్ వాళ్ల యెన్‌చింగ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇప్పుడు పెకింగ్ యూనివర్సిటీ ఉంది. మిషనరీలు సూట్‌కేసులతో హాంకాంగ్ బాట పట్టారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు తలుపు మూసే ఉంది.

తెరిచింది డెంగ్ షియావోపింగ్, అదీ ఇంగ్లీషు కోసం. మటీర్ వద్దన్నదే ఇప్పుడు కావాల్సి వచ్చింది. 1985లో చైనా ప్రొటెస్టెంట్ల పెద్ద బిషప్ టింగ్ చొరవతో నాంజింగ్‌లో (అదే పాత నాంకింగ్) ఆమిటీ ఫౌండేషన్ పుట్టింది, అది విదేశీ చర్చిలు పంపిన టీచర్లని చిన్న ఊళ్ల టీచర్ ట్రైనింగ్ కాలేజీలకి పంపేది, షరతు ఏంటంటే క్లాసులో మతం మాట్లాడకూడదు. ఇలా వెళ్లిన జంటల రోజు ఎలా గడిచేదంటే, క్యాంపస్‌లో విదేశీ నిపుణుల కోసం విడిగా ఒక బిల్డింగ్, కింద వాచ్‌మన్, వచ్చిన ప్రతి స్టూడెంట్ పేరు, టైమ్ పుస్తకంలో రాసుకుంటాడు. పొద్దున్నే కాలేజీ బాయిలర్ దగ్గర పూల బొమ్మల ఫ్లాస్కులతో లైను, రోజుకి సరిపడా వేణ్ణీళ్లు పట్టుకోవాలి, టీ కాదు ముందు తాగడానికి కాచిన నీళ్లు కావాలి కదా. హువాయ్ నదికి ఉత్తరాన అయితే నవంబర్ మధ్య నుంచి హీటింగ్ ఇస్తారు, నదికి దక్షిణాన పోస్టింగ్ పడితే లేదు, గదిలో కోటు వేసుకుని పేపర్లు దిద్దుకోవాలి. 1994 దాకా విదేశీయులకి వేరే రకం నోట్లు, వెన్న, కాఫీ పొడి లాంటివి కావాలంటే అవి పట్టుకుని పెద్ద ఊరు ఫ్రెండ్‌షిప్ స్టోర్‌కి పోవాలి. సాయంత్రం ఇంగ్లీష్ కార్నర్, అంటే పిల్లలు ఇంగ్లీషు మాట్లాడ్డం అలవాటు చేసుకునే చోటు, అదే పది ప్రశ్నలు, మీ జీతమెంత, పిల్లలు ఎందుకు లేరు, చైనా తిండి అలవాటైందా. డిసెంబర్ వస్తే డిపార్ట్‌మెంట్ వాళ్లే పాశ్చాత్య సంస్కృతి మీద క్లాసు తీసుకోమంటారు, ఆ గంటలో క్రిస్మస్ కథ చెప్పడం పాఠమా ప్రచారమా అనేది ఎవరు వింటున్నారన్న దాని మీద ఆధారపడేది. విదేశీ వ్యవహారాల ఆఫీసు ఆయన నవ్వుతూ టీ పోసి, ఆదివారం మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు అని మామూలుగా అడిగేవాడు. అబద్ధం చెప్తే పాపం, నిజం చెప్తే వచ్చిన స్టూడెంట్లకి ఇబ్బంది, చాలామంది నలిగిపోయింది ఇక్కడే అనుకుంటా.

రూల్ ఎప్పుడూ స్పష్టంగానే ఉంది. 1994 జనవరిలో స్టేట్ కౌన్సిల్, అంటే చైనా కేంద్ర ప్రభుత్వం, 144వ ఉత్తర్వు ఇచ్చింది, విదేశీయులు తమ ప్రార్థన తాము చేసుకోవచ్చు, చైనీయుల్ని మతంలోకి చేర్చుకోకూడదు, మత సంస్థలు, మత బళ్లు పెట్టకూడదు. అమలు మాత్రం ఊరిని బట్టి, ఆఫీసర్ని బట్టి ఉండేది, ఒక కన్ను మూసుకునే రోజులు చాలా నడిచాయి. అవి పోయాయి. 2017 నుంచి విదేశీ ఎన్జీవోల చట్టం, 2018 నుంచి కొత్త మత నిబంధనలు, 2021లో ట్యూషన్ కంపెనీల మీద దెబ్బ, 2025 మే 1 నుంచి విదేశీయుల మత కార్యక్రమాల మీద ఇంకా వివరంగా రూల్స్. మన దేశంలో ఎన్ని ఆంక్షలున్నా మిషనరీ వీసా అని ఒక కేటగిరీ అయితే ఉంది. చైనాలో ఆ పేరుతో కేటగిరీయే లేదు, కాబట్టి ఎవరొచ్చినా టీచరో, స్టూడెంటో, కాఫీ షాపు ఓనరో అయి రావాల్సిందే, అలా వచ్చినవాళ్లు దొరికితే వేషం వేసుకొచ్చారు అంటారు.

2001 నుంచి చైనా బళ్లలో మూడో క్లాసు నుంచే ఇంగ్లీషు పెట్టుకున్నారు. మటీర్ బడి పెట్టిన పెంగ్లాయ్‌లో పిల్లలు కూడా చదువుతున్నారు, చెప్పేది ఎక్కువగా ఆ ఊరి టీచర్లే.