పాత బ్రష్‌ని నీళ్లలో వేసి చూస్తే

ఎండాకాలం కాలువలు కట్టేశాక మా కోనసీమలో కాలువ అడుగంతా బయటపడుతుంది. ఈసారి బురదలో కొబ్బరి డొక్క పక్కనే ఓ టూత్‌బ్రష్ కనిపించింది. డొక్క నల్లబడి చివికిపోతోంది. బ్రష్‌కి గులాబీ రంగు కూడా వెలవలేదు.

ఇంటికొచ్చి ఓ పాత బ్రష్ కుచ్చుని పట్టకారుతో పీకాను. అడుగున బియ్యపు గింజలో సగం కూడా లేని రేకు ముక్క! పోగుల్ని సగానికి మడిచి, ఆ రేకుతో చిల్లులోకి దిగగొడతారు. పిడి ఎక్కువగా పాలీప్రొపిలీన్, పోగులు నైలాన్, పట్టు కోసం పైన రబ్బరు లాంటి మరో ప్లాస్టిక్. 1938లో అమెరికాలో నైలాన్ బ్రష్ వచ్చేదాకా పోగులకి ఎక్కువగా పంది వెంట్రుకలే వాడేవాళ్లు.

పిడిని బకెట్లో వేస్తే తేలింది. పోగులు మొదట తేలినా, సబ్బునీటి చుక్క పడగానే మునిగాయి. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక, నైలాన్ కాస్త బరువు. రీసైక్లింగ్ వాళ్లు తరిగిన ప్లాస్టిక్‌ని తొట్లలో వేసి వేరుచేసేదీ ఇలాగే. కాకపోతే అతుక్కునే ఉన్న బ్రష్‌ని విడదీసే ఓపిక ఎవరికుంటుంది? దంతవైద్యులు మూణ్నాలుగు నెలలకోసారి మార్చమంటారు. నలుగురున్న ఇంట్లో ఏడాదికి పన్నెండుకు తక్కువ కాదు.

ఎండు కొబ్బరాకులతో పాటు నీళ్ల పొయ్యిలో పడేయడం మాత్రం వద్దండి. నైలాన్‌లో నత్రజని ఉంటుంది. అది కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువు కూడా ఉంటుంది.

వెదురు బ్రష్ కొన్నా ప్యాకెట్ చదవాల్సిందే. చాలావాటికి పోగులు నైలాన్‌వే. అలాగే పాతిపెడితే వెదురు మట్టిలో కలుస్తుంది, పోగులు మిగిలిపోతాయి. ముందే పీకేయాలి.

ప్లాస్టిక్ బ్రష్‌కి నాకు తోచిన దారి ఒకటే: తల కత్తిరించి, పిడిని పొడి చెత్తలో వేయడం. పాత సామాన్లు కొనేవాళ్లు మిగతా ప్లాస్టిక్‌తో కలిపి తీసుకుంటే ఇంకా మంచిది. గోరంత తల మాత్రం చెత్తే, దానికి దారి లేదు.

అంతకంటే ముందు మా అమ్మ చేతిలో దానికి రెండో జన్మ ఉంటుంది. మిక్సీ జార్ అడుగు, కుక్కర్ మూత అంచు, వెండి కుందులు తోమడానికి బ్రష్ కావాలి. లంగాకి బొందు ఎక్కించడానికి పిడి చివర చిల్లు కావాలి. ఈ మధ్య వచ్చే బ్రష్షులకు ఆ చిల్లే ఉండట్లేదని ఆవిడ గొడవ.