గడప ముందు రాళ్లు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. బెర్లిన్ ఎలా ఉందని మీరు ఫోనులో అడిగినప్పుడల్లా 'బాగుంది' అని ఊరుకున్నాను. ఎర్రగుంట్ల నాపరాళ్ల వ్యాపారంలో నలభై ఏళ్లు గడిపినవాణ్ణి, కొత్త ఊళ్లో నా చూపు ముందు నేల మీదికే పోతుంది. అందుకే ఇక్కడి కాలిబాట గురించి రాస్తున్నాను.

పాత వీధుల్లో కాలిబాట నడుమ పెద్ద గ్రానైట్ పలకలు, వాటికి రెండు పక్కలా పిడికిలంత చిన్న రాళ్లు ఉంటాయి. పలకలకు పైభాగమే నున్నగా చెక్కి, అడుగుభాగాన్ని ఉబ్బెత్తుగా వదిలేశారు. వీటిని ఇక్కడివాళ్లు 'పంది పొట్టలు' అంటారని మీ అత్త చెప్పింది. సిమెంటు లేదు, ఇసుకలో కూర్చోబెట్టినవే. మొన్న పైపు బాగుచేయడానికి మా వీధిలో చిన్న రాళ్లు పెకలించి కుప్ప పోశారు. పనయ్యాక ఒకతను మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో రాయినీ చేతిలో తిప్పి చూసి, ఇమిడే చోట పెట్టి సుత్తితో తట్టాడు. సాయంత్రానికి తవ్విన జాడే లేదు. మన కడపలో తవ్విన రోడ్డు మొదటి వానకే ఎలా కుంగుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. రాతి పని తెలిసిన ఊరు మనది, మనకు అంత ఓపిక లేకపోవడం నాకు బాధగా ఉంది.

రోడ్డు దాటే సిగ్నల్ దగ్గర ఎర్ర మనిషి బొమ్మ వెలిగితే, పక్కన పిల్లలుంటే, రోడ్డు ఖాళీగా ఉన్నా చాలామంది ఆగుతారు. టోపీ పెట్టుకున్న ఆ బొమ్మను 1961లో తూర్పు బెర్లిన్‌లో కార్ల్ పెగ్లావ్ రూపొందించారు. రెండు జర్మనీలు కలిశాక దాన్ని తీసేయబోతే జనం ఒప్పుకోలేదు.

ఒక పొద్దున ఆ చిన్న రాళ్ల మధ్య ఇత్తడి మెరిసింది. వంగి చూశాను. అరచేతిలో పట్టేంత రాయి, పైన ఇత్తడి రేకు. 'ఇక్కడ నివసించారు' అని మొదలై ఒక పేరు, పుట్టిన సంవత్సరం, పట్టుకుపోయిన తేదీ, చంపిన చోటు. హిట్లర్ పాలనలో యూదులను, ఇంకా ఎందరినో ఇళ్లలోంచి తీసుకుపోయి చంపారు. వాళ్లు తమ ఇష్టంతో చివరగా కాపురమున్న ఇంటి ముందు ఈ రాయి పాతుతారు. మనిషికి ఒక రాయి. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టిన పని ఇది, 2023కి యూరప్‌లో లక్ష రాళ్లయ్యాయి.

మా వీధిలో ఒక గడప ముందు నాలుగున్నాయి. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. నాలుగో రాయి మీద పుట్టిన ఏడు 1934, తీసుకుపోయిన ఏడు 1943. మీలో చిన్నదానికి ఇప్పుడు తొమ్మిదేళ్లే కదా.

మన ఊరి పేరే గడప. తిరుమలకు గడప కనుక దేవుని కడప అయిందని పెద్దలు చెబుతారు. గడప తొక్కకూడదని మీకు నేర్పినవాణ్ణి నేనే. ఇక్కడ జనం ఆ రాళ్ల మీదుగా నడిచి వెళ్తుంటారు, నాకు మాత్రం కాలు పడలేదు.

నిన్న ఎదురింటి పెద్దావిడ బకెట్టు, గుడ్డ తెచ్చుకుని ఆ రాళ్లు తోముతూ కనిపించింది, మనింట్లో చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టే. ఆమె భాష నాకు రాదు. పక్కనే కూర్చుని చెయ్యి చాపితే ఇంకో గుడ్డ ఇచ్చింది. నాలుగో రాయి నేను తుడిచాను.

మీ తాతయ్య