వన్‌టౌన్ నడక: పాత బెజవాడ కట్టడాలపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్ వీధుల్లో పాత కట్టడాలను చూపించే బృంద నడకలు నిర్వహించడం నా పని. వచ్చేవారిలో చాలామంది ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు, బట్టలకో బంగారానికో శివాలయం వీధి చుట్టుపక్కల లెక్కలేనన్నిసార్లు తిరిగినవారు. అయినా కొన్ని మాటలను ప్రతి బృందంలోనూ సరిదిద్దవలసి వస్తుంది.

అపోహ: గుడి, బ్యారేజీ తప్ప బెజవాడలో చూడదగిన పాత కట్టడాలు లేవు.

వాస్తవం: ఉన్నాయి, కాకపోతే దుకాణం బోర్డుకు పైన ఉన్నాయి. కింది అంతస్తును షట్టర్లూ ఫ్లెక్సీలూ మింగేసినా, తల ఎత్తితే మేడ మీద చెక్క తలుపులు, పోత ఇనుప కటకటాలు, సున్నంతో తీర్చిన లతలు నేటికీ కనబడతాయి. సరుకు దించే ఆటోలు వీధిలోకి వచ్చాక నిలబడి పైకి చూసే వీలుండదు గనుక దుకాణాలు తెరవకముందే నడక ముగిస్తాం.

అపోహ: పిట్టగోడ మీద రాసిన సంవత్సరమే ఇంటి వయసు.

వాస్తవం: అది వీధి వైపు భాగానికి మాత్రమే చెందినది కావచ్చు. చేతిలో డబ్బు ఆడినప్పుడు వెనుక ఉన్న పెంకుటింటిని అలాగే ఉంచి ముందు మేడ కట్టుకోవడం వ్యాపార కుటుంబాలకు కొత్తేమీ కాదు. అందుకే అంకెల కన్నా పైకప్పును నమ్మమంటాను: టేకు దూలాల కప్పు, ఇనుప గర్డర్ల కప్పు, కాంక్రీటు స్లాబు మూడూ ఒకే ఇంట్లో వరుసగా కనబడితే, ఆ ఇల్లు విడతల వారీగా పెరిగిందన్నమాట.

అపోహ: కమానులు, గుండ్రటి స్తంభాలు ఉన్నవన్నీ తెల్లదొరలు కట్టించినవే.

వాస్తవం: కృష్ణపై పాత ఆనకట్ట 1855లో పూర్తయి, కాలువల మీద పడవల రాకపోకలు పెరిగి, 1893లో నదిపై రైలు వంతెన కూడా వచ్చాక, ఈ ఊరు సరుకుల కూడలి అయింది, ఈ వీధుల్లో మేడలకు డబ్బు పెట్టినది ఆ సరుకుతో బాగుపడిన వర్తకులు. ముందు స్తంభాల వరండా, లోపల మండువా, తులసికోట ఉన్న ఇంటిని దొరల ఇల్లు అనడానికి నాకు మనసొప్పదు. దొరల చేతి మీదుగా మొదలైన కట్టడం చూడాలంటే బందరు రోడ్డుకు వెళ్లాలి. నేటి బాపు మ్యూజియం పాత భవనం, అంటే విక్టోరియా జూబిలీ హాలు, 1887లో అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ శంకుస్థాపన చేసినది. అక్కడ కూడా ఐరోపా పద్ధతీ మన పద్ధతీ కలిసే ఉంటాయి.

అపోహ: ఇంద్రకీలాద్రి దిగువన ఉన్న గుహలను అక్కన్న మాదన్నలు తొలిపించారు.

వాస్తవం: గుహలు క్రీ.శ. 6-7 శతాబ్దాల నాటివి, గోల్కొండ సుల్తాను తానీషాకు మంత్రులైన ఆ సోదరులు 17వ శతాబ్దం వారు. పేరు తరువాత వచ్చి అతుక్కుంది.

అపోహ: సున్నం ఇళ్లు బలహీనం, సిమెంటు పూత పూస్తే గట్టిపడతాయి.

వాస్తవం: ఈ మాట వల్ల పాడైనన్ని గోడలు వరదల వల్ల కూడా పాడై ఉండవని నా అనుమానం. గానుగలో నూరిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. ఆనాటి మిద్దె కప్పును కింద నుంచి పరిశీలించండి: దూలాల మీద దంతెలు (అడ్డంగా వేసే సన్న చెక్కలు), వాటి మీద పలుచని చిన్న ఇటుకలు పడుకోబెట్టి కాక నిలబెట్టి, ఐమూలగా పేర్చి ఉంటాయి. వాటిపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నాన్ని పరచి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. నది పక్కన ఉన్న ఈ పేటల్లో నేల చెమ్మ గోడలోకి ఎక్కక తప్పదు. సున్నపు గోడ ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది, సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. మోకాలి ఎత్తున పెచ్చులూడి ఉప్పు పొంగిన గోడ కనబడితే, దాని పక్కన వేలి కణుపుతో తట్టమంటాను. డొల్ల శబ్దం వస్తే పైన పూసిన సిమెంటు గోడను వదిలేసిందని అర్థం. మరమ్మతు సున్నంతోనే జరగాలి. అయితే దూలం చివర గోడలో కూర్చునే చోట పుచ్చిపోతే ఏ పూతా కాపాడదు; దాన్ని అనుభవజ్ఞుడైన వడ్రంగికి చూపించవలసిందే.

అపోహ: అరుగు వీధిలోనే ఉంది కాబట్టి అది అందరిదీ.

వాస్తవం: అరుగు ఇంటివారిది. పదిహేను మందికి మించితే బృందం సందును మూసేస్తుంది, చివరివారికి మాట వినబడదు, ఇంటివారికి విసుగు పుడుతుంది. కూర్చునే ముందు, తలుపు లోపలి మండువాను ఫోటో తీసే ముందు అడగండి, పెద్దవారుంటే "బాబాయిగారూ, ఒక్కసారి చూడవచ్చా?" అంటే సాధారణంగా కాదనరు. వద్దంటే మాత్రం బయటి నుంచి కూడా కెమెరా ఎత్తకండి.