గండకిలో దొరికిన సముద్రపు చుట్ట

భీమిలిలో మా తాతయ్య పూజగదిలో ఒక సాలగ్రామం ఉంది. ఉసిరికాయ కంటే కాస్త పెద్దది. నల్లగా, నున్నగా, ఒక పక్క చిన్న రంధ్రంతో ఉంటుంది. మా పెద్దలెవరో ముక్తినాథ్ యాత్రకు వెళ్లి తెచ్చారట. జియాలజీ చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు, అభిషేకం అయ్యాక దాన్ని లెన్స్‌తో చూస్తానని తాతయ్యను అడిగాను. "మడి లేకుండా ముట్టుకోకు, నేనే పట్టుకుంటా, నువ్వు చూడు" అన్నారు. కిటికీ దగ్గర నిలబడి, తడి రాయిని వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నారు. నేను వంగి రంధ్రంలోకి చూశాను.

లోపల ఒక చుట్ట. దాని మీద సన్నటి గట్లు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్లంత క్రమంగా. కొన్ని గట్లు సగం దూరం వెళ్లి రెండుగా చీలాయి. మావాళ్లు తరతరాలుగా చక్రం అంటున్నది ఇదే. అది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల రాతిలో వదిలిన అచ్చు.

నేపాల్‌లో కాళీ గండకి నది కోసుకుంటూ వచ్చే కొండల్లో నల్లటి షేల్ రాతి పొరలున్నాయి. ఆ పొరలు సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట టెథిస్ అనే సముద్రం అడుగున పేరుకున్న బురద. చచ్చిన అమ్మోనైట్ ఆ బురదలో కూరుకుపోయేది. మాంసం కుళ్లుతుంటే చుట్టూ ఉన్న నీటి రసాయన గుణం మారి, ఖనిజాలు అక్కడే పేరుకుని బురదను గట్టి ఉండలా బిగించేవి. ఆ తర్వాత భారత భూభాగం ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకుంది. సముద్రం అడుగు హిమాలయమై లేచింది. ముక్తినాథ్ ఇప్పుడు 3,700 మీటర్లకు పైన ఉంది. మెత్తటి షేల్‌ను నది అరగదీసుకుపోతే, గట్టి ఉండలు మాత్రం మిగిలి గండకిలో దొర్లుతాయి. కొన్నింటి లోపల బంగారు మెరుపు కనిపిస్తుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఖనిజం తెచ్చిన మెరుపు అది.

మా అక్క కొడుకు ఆ మాట విన్న మర్నాడే గోస్తని ఏటి మొగ దగ్గర్నుంచి ఒక చుట్టగుల్ల ఏరుకొచ్చాడు. "మామయ్యా, ఇది కూడా అమ్మోనైటే కదా? చుట్ట ఉంది చూడు!" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేం, శిలాజాల్ని గుర్తుపట్టడంలో అందరం మొదట చేసే పొరపాటే అది. దేన్ని పోలి ఉందో చూస్తాం. నిజానికి చూడాల్సింది పోలికను కాదు, ఒంటి అమరికను.

గుల్లను అరచేతిలో బోర్లించమన్నాను. ఒక పక్క బొంగరంలా మొన తేలింది, రెండో పక్క తేలలేదు. అంటే అది నత్తజాతి. అమ్మోనైట్ సాధారణంగా అలా మొన తేలదు. చుట్టిన చాపను అంచు మీద నిలబెట్టినట్టు, చుట్టంతా ఒకే సమతలంలో ఉంటుంది. ఎడమ పక్క ఎలా ఉందో కుడి పక్కా అలాగే. ఇంకో తేడా లోపలుంది. నత్తగుల్ల మొదటి నుంచి చివరిదాకా ఒకే గొట్టం. అమ్మోనైట్ గుల్లను అడ్డుగోడలు అరలుగా విడదీస్తాయి. జీవి చివరి అరలో ఉండి, వెనకటి అరల్లోని వాయువుతో నీళ్లలో తేలేది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో గంపల్లో కనిపించే స్క్విడ్‌కు అది దూరపు చుట్టం. శిలాజం పైపొర అరిగితే ఆ గోడల అంచులు గీతలుగా బయటపడతాయి. అమ్మోనైట్‌లో ఆ గీత ముడతలు ముడతలుగా, ఆకు అంచులా ఉంటుంది. అలాంటి అరల గుల్లతోనే ఈనాటికీ బతికున్న నాటిలస్ అనే సముద్రజీవిలో అది సాదాగా వంపు తిరిగి ఊరుకుంటుంది. ఆ ఒక్క గీత దొరికితే చాలు, ఇక తడుముకోనక్కర్లేదు.

మిగతావాటికీ ఇదే పద్ధతి. నమస్కారం పెట్టినప్పుడు రెండు చేతులూ ఒకదానికొకటి అద్దంలా ఉంటాయి, కానీ ఏ చేతికా చెయ్యి రెండు సమభాగాలు కాదు. ఆల్చిప్పల్లో చాలావరకు అంతే. రావి ఆకును ఈనె వెంట మడిస్తే రెండు సగాలూ కలుస్తాయి. ఆల్చిప్పలా కనిపించినా వేరే జాతైన బ్రాకియోపాడ్ అనే సముద్రజీవి చిప్ప అలాంటిది. దాని పై చిప్ప, కింది చిప్ప మాత్రం సమానంగా ఉండవు. నందివర్ధనం పువ్వులా ఐదు రేకుల అమరిక కనిపిస్తే సముద్రపు ముళ్లకాయల కుటుంబాన్ని వెతకాలి. తుపాకీ గుండులాంటి రాయి విరిగినచోట, అడ్డంగా కోసిన నిమ్మకాయలో లాగా నడిమి నుంచి చారలు పరుచుకుంటే అది బెలెమ్నైట్, అంటే స్క్విడ్‌కు చుట్టమైన, అంతరించిపోయిన ఒక సముద్రజీవి ఒంటి లోపలి గట్టి భాగం. అమ్మోనైట్లున్న షేల్‌లో ఇవీ దొరుకుతాయి. సున్నపురాతి బండల మీద చెట్టుకొమ్మల్లా పాకే నల్లటి మరకలు మాత్రం శిలాజాలు కావు. పగుళ్లలోకి ఇంకిన నీళ్లు వదిలిన మాంగనీస్ అది. వాటికి కొమ్మలుంటాయి గానీ ఈనెలుండవు.

మావాడు తెచ్చిన గుల్ల తేలిగ్గా ఉంది, గోధుమరంగు చారలు ఇంకా చెరగలేదు. ఈమధ్యే చచ్చిన నత్తది. గోస్తనిలో అమ్మోనైట్ కోసం వెతికినా దొరకదు. అనంతగిరి కొండల నుంచి కైలాసగిరి దాకా ఇక్కడ ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. అదీ ఒకప్పటి బురదే, కానీ సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో విపరీతమైన వేడికి ఉడికి, ఎర్రటి గార్నెట్ గింజలతో కొత్త రాయైంది. గుల్లలున్న జీవులు పుట్టి 54 కోట్ల ఏళ్లే. ఇవి పుట్టక ముందే ఆ రాయి ఉడికిపోయింది. బొర్రా గుహల సున్నపురాయీ అలా ఉడికి స్ఫటికంగా మారినదే.

సముద్రపు శిలాజాలు కావాలంటే రాజమండ్రి వైపు వెళ్లాలి. గోదావరికి పడమటి ఒడ్డున దుద్దుకూరు దగ్గర, లావా పొరల అడుగున, టరిటెల్లా అనే పొడుగాటి మరమేకులాంటి గుల్లలున్న సున్నపురాయి ఉంది. ఆ లావా దక్కన్ పీఠభూమిని కప్పిన లావాలో భాగమే. అమ్మోనైట్లు లోకం నుంచి తుడిచిపెట్టుకుపోయిన 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి కాలానికి చెందింది. టరిటెల్లా జాతి మాత్రం ఆ గండం గట్టెక్కింది. దాని సంతతి నేటికీ సముద్రాల్లో బతుకుతోంది.

కాబట్టి ఏట్లో రాయి దొరికితే ఆ చోటునే దాని పుట్టిల్లు అనుకోకూడదు. అంచులు పదునుగా ఉంటే దగ్గర్నుంచి, గుండ్రంగా అరిగితే దూరం నుంచి వచ్చి ఉండవచ్చు. ఎగువకు నడుస్తూ అదే రంగు, అదే రాయి ఒడ్డున పొరగా ఎక్కడుందో చూడాలి. దొరికిన చోటు, తేదీ కాగితం మీద రాసి రాయితోపాటు చుట్టిపెట్టాలి. ఆ చీటీ పోయిన శిలాజం సగం మూగదైపోతుంది. నాకిది బాధాకరమైన అనుభవం కూడా. చదువుకునేటప్పుడు ఏరుకున్న ఒక ఆల్చిప్ప ఇప్పటికీ నా దగ్గరుంది, ఏ వాగుదో చెప్పలేను.

సాలగ్రామంలోని రంధ్రాన్ని వదనం అంటారు. తాతయ్య ఇవన్నీ విని, "అయితే ఆ జీవి నోరు ఇదేనా?" అని అడిగారు. కాదన్నాను. రంధ్రం రాయి పగిలి ఏర్పడింది. జీవి తల బయటికి వచ్చేది చుట్ట చిట్టచివర, వెడల్పు ఎక్కువున్న చోట. ఈ రాయిలో ఆ భాగం ఇంకా లోపలే ఉండిపోయింది. ఆయన రాయిని కాసేపు వేళ్ల మధ్య తిప్పి చూసి, ఏ వైపో చూపించమన్నారు. ముట్టుకోకుండా వేలితో చూపించాను.