కుట్టించుకున్న చెవి నెలలైనా మానడం లేదా? అపోహలు – వాస్తవాలు

చెవులు కుట్టడం నా వృత్తి. కుట్టేది నిమిషం పని. ఆ తర్వాత నెలల తరబడి మానకుండా సతాయించే చెవుల్ని చూడటానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. అలా వచ్చేవాళ్ల చేతిలో తరచూ ఒక సంచి ఉంటుంది. అందులో రెండు మూడు ఆయింట్‌మెంట్లు, ఒక యాంటీసెప్టిక్ సీసా, ఎవరో చెప్పిన నూనె. “ఇవన్నీ క్రమం తప్పకుండా రాస్తున్నానండీ, అయినా మానట్లేదు” అంటారు. రాయడం వల్లే మానని చెవులు చాలా ఉన్నాయి. పుండును ఏదో ఒకటి రోజూ రేపుతూ ఉంటే ఏ మందు రాసినా ఫలితం ఉండదు. ఆ రేపుతున్నదేదో పట్టుకోవాలి. నేను రోజూ వినే అపోహల్లో ఎక్కువ భాగం దాన్ని కనపడనివ్వకుండా చేసేవే.

అపోహ: ఆరు వారాల్లో మానకపోతే ఏదో తేడా జరిగినట్టే

తమ్మెకైతే ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చెవి పైభాగానికి మాత్రం ఇది పనికిరాదు. హెలిక్స్ (చెవి బయటి అంచు), ట్రాగస్ (చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె), కాంక్ (చెవి మధ్యలోని గిన్నెలాంటి గుంట) లాంటి చోట్ల కుట్టించుకుంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు. తమ్మెలో మెత్తటి కండ, కొవ్వు ఉంటాయి, రక్తప్రసరణ బాగుంటుంది. పైభాగం లోపల ఉండేది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు ఉండవు. పైన కప్పి ఉన్న పల్చటి పొర నుంచి ఊరి వచ్చే పోషణతోనే అది బతుకుతుంది. కాబట్టి అక్కడ పుండు నిదానంగా మానుతుంది.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. కుట్టిన రంధ్రం ఒక చిన్న సొరంగం లాంటిది. ముందు అంచు నుంచీ వెనక అంచు నుంచీ కొత్త చర్మం లోపలికి పాకుతూ వచ్చి మధ్యలో కలవాలి. అంటే బయట ముందు మానుతుంది, లోపల చివర్లో మానుతుంది. పైకి ఎరుపు తగ్గి శుభ్రంగా కనబడగానే “మానిపోయింది” అనుకుని దుద్దు మార్చేస్తారు. లోపల ఇంకా పచ్చిగా ఉన్న పొర చిరుగుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. “బాగానే మానింది, మూడో నెలలో ఉన్నట్టుండి పాడైంది” అని ఎవరైనా అంటే, ఆ మధ్య దుద్దు మార్చారా అని అడుగుతాను. చాలాసార్లు మార్చే ఉంటారు.

అపోహ: దుద్దును రోజూ తిప్పాలి, లేకపోతే చర్మానికి అతుక్కుపోతుంది

నేను విన్నవాటిలో ఎక్కువ చెవుల్ని ఇబ్బంది పెట్టింది ఈ ఒక్క సలహానే. నున్నటి లోహానికి చర్మం అతుక్కోదు. పొద్దున లేవగానే దుద్దు కదలకుండా బిగిసినట్టు అనిపిస్తుందే, దానికి కారణం రాత్రి కారిన రసి దుద్దు కాడ చుట్టూ ఎండిపోవడం. భూతద్దంలో చూస్తే ఆ పక్కు పసుపు రంగు పెళుసు రేకుల్లా కాడను పట్టుకుని ఉంటుంది, అంచులు గరుకుగా ఉంటాయి. అలాగే తిప్పితే ఆ గరుకు అంచు రంధ్రంలోకి వెళ్లి, రాత్రంతా కష్టపడి పెరిగిన పల్చటి పొరను గీరేస్తుంది. మళ్లీ రసి, మళ్లీ పక్కు, మర్నాడు మళ్లీ తిప్పడం. నెలలు ఇలాగే గడిచిపోతాయి.

తిప్పడం పూర్తిగా ఆపండి. స్నానంలో గోరువెచ్చటి నీటిని చెవి మీదుగా కాసేపు పారనిచ్చినా, సెలైన్‌తో (శుద్ధి చేసిన ఉప్పునీటితో) తడిపిన గాజ్ గుడ్డను, అంటే పుండ్లకు కట్టు కట్టే పల్చటి గుడ్డను, రెండు మూడు నిమిషాలు అద్దినా పక్కు నానుతుంది. నానినంత మేరకు దానంతట అదే గుడ్డకు వచ్చేస్తుంది. రానిదాన్ని గోటితో గిల్లకండి. అది ఇంకా ఊడాల్సిన సమయం కాలేదు.

అపోహ: చుర్రుమని మండితేనే మందు పనిచేస్తున్నట్టు

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఘాటైన యాంటీసెప్టిక్ ద్రావణాలు క్రిముల్ని చంపుతాయి, నిజమే. ఆ చేత్తోనే పుండును పూడుస్తున్న కొత్త కణాల్నీ దెబ్బతీస్తాయి. ఒక్కసారికి పెద్ద నష్టం ఉండకపోవచ్చు. రోజుకు రెండు మూడు సార్లు వారాల తరబడి వాడితే మాత్రం చర్మం ఎండి, పగిలి, ఎర్రగా కందిపోతుంది. దాన్ని చూసి ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకాస్త ఎక్కువ పోస్తారు.

కావలసింది స్టెరైల్ సెలైన్ ఒక్కటే. 0.9 శాతం సోడియం క్లోరైడ్ తప్ప అందులో ఇంకే మందూ కలిసి ఉండకూడదు. రోజుకు ఒకటి రెండు సార్లు చాలు. ఇంట్లో ఉప్పునీళ్లు కలుపుకుంటే పాళ్లు కుదరవు. సాధారణంగా ఉప్పు ఎక్కువైపోయి చర్మం ఎండిపోతుంది. సెలైన్ పెట్టాక మెత్తటి టిష్యూతో అద్ది తడి లేకుండా చూడండి. దూది వద్దు, దాని పోగులు కాడకు చుట్టుకుంటాయి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి వెనకవైపు ఆరబెట్టుకోవచ్చు. చెవి వెనక తడి నిలిచిపోవడం చాలామంది గమనించరు.

ఆయింట్‌మెంట్ల సంగతి. జిడ్డుగా ఉండేవన్నీ రంధ్రం నోరు మూసి తడిని లోపలే నిలబెడతాయి, దుమ్మునూ పట్టుకుంటాయి. కొన్నింటిలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ చాలామందికి పడదు. పడనప్పుడు వచ్చే దురద, ఎరుపు, రసి చూడటానికి అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే ఉంటాయి. డాక్టరు చూసి రాసిస్తే వాడండి, మీ అంతట మీరు మొదలుపెట్టకండి. నూనెలు, పొడులు, ఆస్పిరిన్ నూరి పెట్టడం అసలే వద్దు. ఆస్పిరిన్ ముద్ద చర్మాన్ని కాలుస్తుంది.

అపోహ: ఏదైనా కారుతోందంటే చీమే

పల్చగా, తెల్లగానో లేత పసుపుగానో కారి ఎండిపోయేది రసి. మానుతున్న పుండులో అది ఉండాల్సిందే. చిక్కగా, పచ్చగానో ముదురు పసుపుగానో ఉండి వాసన వేస్తూ, దానితోపాటు వేడి, పోటు పెట్టే నొప్పి, పెరుగుతున్న వాపు ఉంటే అప్పుడు చీము అనుకోవాలి.

అపోహ: పక్కన బుడిపె లేచిందంటే అది కెలాయిడే

ఈ మాట విని భయపడి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లనూ చూశాను. చెవి పైభాగంలో రంధ్రం అంచున లేచే ఎర్రటి, మెత్తటి, కొద్దిగా తడిగా ఉండే బుడిపె ఎక్కువసార్లు రాపిడి వల్ల వచ్చిందే. రాపిడి ఆగితే అది వారాల్లో తగ్గుముఖం పడుతుంది. కెలాయిడ్ అంటే హద్దు మీరి పెరిగే మచ్చ, దాని తీరు వేరు. అది గట్టిగా, నున్నగా ఉంటుంది. సాధారణంగా గాయమైన కొన్ని నెలలకు మొదలై, గాయం హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతూ పెరుగుతుంది. దానంతట అది కరగదు. కుటుంబంలో ఎవరికైనా కెలాయిడ్లు ఉంటే ముందే చెప్పండి. నిజంగా కెలాయిడ్ అయితే చర్మవ్యాధి నిపుణుల దగ్గరికే వెళ్లాలి. దాని లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఊరికే కోసి తీసేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ.

బుడిపెతో వచ్చిన చెవిని నేను ఎలా చూస్తానంటే, ముందు మనిషిని పక్కకు తిరగమని కాడను పక్కనుంచి చూస్తాను. కుట్టిన రోజు వాపుకు చోటుండాలని కావాలనే పొడవు కాడ వేస్తాం. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వాపు దిగాక దాన్ని పొట్టిదానితో మార్పించుకోవాలి. చాలామంది ఈ పనికి రారు. వాపు దిగిన చెవిలో ఆ కాడ వెనక రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంటుంది. జుట్టు తగిలినా, చొక్కా విప్పినా, ఫోన్ ఆనించినా అది ఊగుతుంది. ఊగే వైపే బుడిపె లేస్తుంది.

తర్వాత అడిగేది ఏ వైపు తిరిగి పడుకుంటారని. చెవి దిండు మీద ఒత్తుకుంటే కాడ రాత్రంతా ఒకే వైపు వాలి ఉంటుంది. కొన్ని వారాలకు రంధ్రమే వంకరగా మానడం మొదలుపెడుతుంది. పక్క మారి పడుకోలేకపోతే ప్రయాణాల్లో మెడకు పెట్టుకునే గుండ్రటి దిండు తీసుకుని, మధ్యలోని ఖాళీలో చెవి ఉండేలా పడుకోండి. ఇది చిన్న ఉపాయమే, కానీ ఏ మందూ చేయని పని చేస్తుంది. హెడ్‌ఫోన్లు, హెల్మెట్, మాస్కు తాళ్లు, షాంపూ నురగ, హెయిర్ స్ప్రే కూడా అనుమానించాల్సినవే. రెండు చెవులూ ఒకేసారి పైభాగంలో కుట్టించుకోవద్దని నేను చెప్పేది అందుకే. పడుకోవడానికి ఒక వైపైనా మిగలాలి కదా.

అపోహ: సర్జికల్ స్టీల్ అయినా, బంగారమైనా పడకపోవడం అంటూ ఉండదు

సర్జికల్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది. మంచి రకంలో అది బయటికి చాలా తక్కువగా వస్తుంది, నాసిరకంలో ఎక్కువ. కుట్టిన రంధ్రాల్లో పెట్టే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని ఐరోపా సమాఖ్య నియమం పెట్టింది. నికెల్ పడకపోవడం ఎంత సామాన్యమైన ఎలర్జీయో దాన్నిబట్టే తెలుస్తుంది. బంగారంలో కలిపే లోహాలు ఏమిటన్నదీ ముఖ్యమే. తెల్ల బంగారంలో కొన్నిసార్లు నికెల్ కలుపుతారు. పైన పూత మాత్రమే ఉన్నవి పచ్చి పుండులో అస్సలు పెట్టకూడదు, పూత అరిగితే కింది లోహం తగులుతుంది.

నొప్పి పెద్దగా లేకుండా దురద, పొలుసులు, ఆగని రసి ఉన్నాయంటే, అదీ దుద్దు తగిలినంత మేరకే ఉందంటే లోహాన్ని అనుమానిస్తాను. శరీరంలో అమర్చే పరికరాలకు వాడే టైటానియంకు మార్చడం సురక్షితం. ఏఎస్‌టీఎం ఎఫ్136 అనే ప్రమాణం ఉందా అని అడిగి తీసుకోండి. పచ్చిగా ఉన్న రంధ్రంలో దుద్దు మీరే మార్చుకోకండి, కుట్టేవాళ్ల చేతే మార్పించుకోండి.

అపోహ: ఇన్ఫెక్షన్ అనిపించగానే దుద్దు పీకేయాలి

తొందరపడకండి. తీసేస్తే రంధ్రం రెండు నోళ్లూ మూసుకుపోయి చీము లోపలే చిక్కుకోవచ్చు. తీయాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. వాపులో దుద్దు తమ్మెలోకి కూరుకుపోతుంటే మాత్రం అదే రోజు వెళ్లండి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. చెవి పైభాగం ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, ముట్టుకుంటే తట్టుకోలేనంత నొప్పి ఉండి, తమ్మె మాత్రం మామూలుగా ఉందంటే అది మృదులాస్థిని కప్పిన పొరకు పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. దాన్ని పెరికాండ్రైటిస్ అంటారు. తమ్మెలో మృదులాస్థి ఉండదు కాబట్టే దానికి వాపు రాదు. చెవి కుట్టించుకున్నవాళ్లలో దీనికి ఎక్కువగా కారణమయ్యేది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. మామూలు చర్మ ఇన్ఫెక్షన్లకు ఇచ్చే చాలా యాంటీబయాటిక్‌లు దాని మీద పనిచేయవు. కాబట్టి ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకుని ఎదురుచూడకండి. ఆలస్యమైతే చీము పట్టి మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి ముడుచుకుపోయి ఆకారం శాశ్వతంగా చెడుతుంది. ఈఎన్‌టీ డాక్టరుకు ఆ రోజే చూపించండి. జ్వరం, వణుకు ఉంటే అత్యవసర విభాగానికే. ఈ బ్యాక్టీరియాకు నీళ్లంటే ఇష్టం, అందుకే మానేదాకా ఈత కొలనులు, చెరువులు వద్దంటాను.

అపోహ: లోపం చెవిలోనే ఉంది

అదుపులో లేని షుగర్, పొగతాగే అలవాటు, స్టెరాయిడ్ మాత్రలు, సరిపడా తిండి, నిద్ర లేకపోవడం, ఇవన్నీ ఏ పుండునైనా ఆలస్యం చేస్తాయి. అన్నీ సరిగా చూసుకున్నా మానకపోతే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోమంటాను.

అపోహ: ఇంతకాలం ఓర్చుకున్నాం, ఇక తీసేయడం అంటే ఓడిపోయినట్టే

కొన్ని రంధ్రాలు మొదటే వంకర కోణంలో పడతాయి. చెవి పైభాగాన్ని సూదితో కాకుండా చెవులు కుట్టే గన్‌తో కుట్టించుకుంటే మొద్దుగా ఉన్న దుద్దు మొన బలంగా దూసుకుపోయి మృదులాస్థిని నలగ్గొడుతుంది. కాడ మార్చి, దిండు మార్చి, మందులన్నీ ఆపి మూడు నాలుగు నెలలు చూసినా మార్పు లేకపోతే తీసేయమని నేనే చెబుతాను. ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నాకే తీయాలి. ఆ తర్వాత రంధ్రం మూసుకుని, మచ్చ మెత్తబడే దాకా కొన్ని నెలలు వదిలేయాలి. వేళ్ల మధ్య పట్టి చూస్తే లోపల గట్టి గింజలా తగులుతున్నంతకాలం అక్కడ మళ్లీ సూది పెట్టను. చుట్టూ ఉన్న చర్మంలాగే సాగుతోందనిపిస్తే, పాత మచ్చను తప్పించి పక్కన కొత్త కోణంలో గుర్తు పెట్టి కుడతాను.