పోర్టల్‌లో కనిపించకపోతే కాగితమే లేదనుకోవద్దు

"ఆన్‌లైన్‌లో లేదంటే లేనట్టే గదా సార్?" సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. కాదు. ముమ్మాటికీ కాదు.

భూముల పోర్టల్‌లో మీ సర్వే నంబరు పక్కన "నిషేధిత జాబితా" (అమ్మకం రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా) అని ఒక్క ముక్క కనిపిస్తుంది. అది దానంతటది పుట్టలేదు. కింది నుంచి ఒక ప్రతిపాదన వెళ్ళి ఉండాలి, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చి ఉండాలి, మధ్యలో నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు రాసే ఫైలు) నడిచి ఉండాలి. మనం అడగాల్సింది వాటి నకళ్ళు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం ఈమెయిళ్ళు, కంప్యూటర్లో ఉన్న డేటా కూడా సమాచారమే. సైట్‌లో పెట్టినవాటినే ఇవ్వాలని ఎక్కడా లేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. అంతమాత్రాన ఆ మధ్యలో జీవోలు ఆగాయా? ఇస్తూనే వచ్చారు కదా.

ఆ మధ్య ఒక పెద్దాయన ప్లాస్టిక్ సంచీ నిండా మీసేవలో తీయించిన ప్రింట్లు తెచ్చాడు. సంచీ అడుగున పాత పహాణీ, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అప్పటికే ఎవరో రాసిచ్చిన దరఖాస్తు పెట్టాడు: "నా రెండెకరాలు నిషేధిత జాబితాలో ఎందుకు పెట్టారు?" ఒక్క వాక్యంలో జవాబొచ్చింది, ఇలాంటి ప్రశ్నలు చట్టం పరిధిలోకి రావని. దాన్ని పట్టుకుని నాలుగు నెలలు కుమిలిపోయాడు. బిడ్డ పెళ్ళికి అమ్ముకుందామనుకున్న భూమి అది.

"ఎందుకు" అని అడిగితే తప్పించుకోవడానికి దారి ఇచ్చినట్టే. ఉన్న రికార్డు ఇవ్వాలే తప్ప సంజాయిషీ రాసివ్వాల్సిన పని పీఐఓకు (పౌర సమాచార అధికారికి) లేదు. అందుకే మళ్ళీ ఇలా రాశాను: "ఫలానా సర్వే నంబరును జాబితాలో చేర్చడానికి పంపిన ప్రతిపాదన, దానిపై ఉత్తర్వు, నోట్ ఫైలు ధృవీకరించిన నకళ్ళు ఇప్పించండి." నకళ్ళు వచ్చాయి. ప్రభుత్వ భూమి ఒక్క బై నంబరే (సర్వే నంబరులో ఒక భాగమే). జాబితాకు ఎక్కించింది మాత్రం సర్వే నంబరు మొత్తాన్ని. "ఎందుకు" అన్నదానికి జవాబు ఆ కాగితాల్లోనే దొరికింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇంగ్లీషులోనే రాయాలన్నది పుకారు, తెలుగులో రాయండి. కారణం చెప్పాల్సిన పనిలేదు, చట్టంలోని సెక్షన్ 6(2) చూపించండి. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు లేదు. వందలు వసూలు చేసేవాళ్ళను నమ్మకండి. కేంద్రం పోర్టల్‌లో రాష్ట్ర ఆఫీసులకు దరఖాస్తు పెట్టొద్దు. తిప్పి పంపుతారు, ఫీజు కూడా వాపసు రాదు.

గడువు విషయంలో మాత్రం దయచేసి ఏమరుపాటు వద్దు. దరఖాస్తు ఆఫీసుకు చేరిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ఫోన్ చేస్తారని, మెసేజ్ వస్తుందని ఎదురుచూడకండి. పోస్టు రసీదును దరఖాస్తు నకలుకు పిన్ను కొట్టి, దాని మీదే అప్పీలు తేదీ రాసి పెట్టుకోండి.