ఆదివారం కూపులో పని ఉండదు కదా? టిల్లమూక్ అడవి: అపోహలు - వాస్తవాలు

ఎండలు మొదలైతే నాకు ఫోన్లు మొదలవుతాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్టన్, హిల్స్‌బరో వైపు మనవాళ్లలో క్వాడ్‌లు (ఏటీవీలు, అంటే మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండ్లు), డర్ట్ బైకులు కొన్నవాళ్లు బాగానే ఉన్నారు. హైవే 6 ఎక్కితే టిల్లమూక్ స్టేట్ ఫారెస్ట్ దగ్గరే. అక్కడ కలప కూపుల (చెట్లు కొట్టడానికి కేటాయించిన అడవి ముక్కల) పని చూసేవాణ్ణి కాబట్టి అందరూ నన్నే అడుగుతారు: "అన్నా, ట్రైల్ మూసేశామని బోర్డు పెట్టారు. ఆదివారం ఎవరూ ఉండరు కదా, గేటు పక్కనుంచి పోతే ఏమవుతుంది?"

అపోహ: పని లేని రోజు కూపులో ప్రమాదం ఉండదు.

మనుషులు ఇంటికి వెళ్తారు. ప్రమాదం అక్కడే ఉంటుంది. ఈ కొండలు నిటారుగా ఉంటాయి, చాలాచోట్ల ట్రాక్టర్ దిగదు. అందుకే గట్టు మీద ఉక్కు టవర్ నిలబెట్టి, రోప్‌తో దుంగల్ని పైకి లాగుతారు. టవర్ పడిపోకుండా చుట్టూ రోప్‌లు లాగి చెట్ల మొద్దులకు కడతారు. శుక్రవారం పని ఆపినంత మాత్రాన టవర్ దించరు, ఆ రోప్‌లు విప్పరు. బొటనవేలంత లావు ఉక్కు రోప్, గ్రీజు పట్టి మట్టి రంగులోనే ఉంటుంది. అది ట్రైల్‌కు అడ్డంగా ఛాతీ ఎత్తులో ఉంటే, మలుపు తిరిగి వచ్చే బైకుకు కనపడే లోపలే తగులుతుంది. ఇక పక్క చెట్లలో ఇరుక్కుపోయిన కొమ్మలు గాలి లేకపోయినా రాలతాయి.

ఒక ఆదివారం కూపు చూడ్డానికి వెళ్తే, మూసిన ట్రైల్ మీద తాజా టైరు గుర్తులు కనిపించాయి. వాటి వెంట నడిస్తే ఒక తండ్రి, కొడుకు. తండ్రి పులిహోర డబ్బా విప్పుతున్నాడు, పిల్లవాడు దుంగల పేర్పు ఎక్కి ఫొటోకు నిలబడ్డాడు. నేను అరవలేదు. అరిస్తే వాడు కంగారుగా దూకుతాడు. మెల్లగా దింపి, పేర్పు అడుగున దుంగ దేని మీద ఆగిందో తండ్రికి చూపించాను. అరచేయంత చెక్కముక్క. ఆయన ముఖంలో రక్తం లేదు. "వాట్సాప్ గ్రూపులో వీకెండ్ ఓకే అన్నారండీ" అన్నాడు. పిల్లలతో వచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు. తెలిసీ తెలియకుండా అలా రాసేవాళ్ల మీదే ఉంది. మా నాన్న ఆదిలాబాద్ టేకు కూపుల్లో పనిచేసేవారు. పేర్పు పక్కన కూర్చుని అన్నం కూడా తిననిచ్చేవారు కాదు మమ్మల్ని.

"తెల్లవారకముందు వెళ్తే లారీలుండవు" అనేది ఇంకో పుకారు. అసలు వేసవిలో అప్పుడే ఉంటాయి. అడవి బాగా ఎండినప్పుడు నిప్పు భయంతో మధ్యాహ్నం ఒంటిగంటకే రంపాలు ఆపించేస్తారు. దాంతో కొన్ని కూలీల ముఠాలు చీకట్లోనే పని మొదలుపెడతాయి. ఒక్క బండే పట్టే కంకర రోడ్డు మీద 36 టన్నుల దుంగల లారీ దిగుతుంటే, డ్రైవర్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. మీ దగ్గర ఆ రేడియో ఉండదు. మీరొస్తున్నారని వాళ్లకు తెలియదు.

అపోహ: చెట్లు కొట్టారంటే ట్రైల్ పోయినట్టే.

ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఏళ్లుగా నడిపిన దారి మీద కొమ్మలు, బురద చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ చాలా మూసివేతలు తాత్కాలికమే. ట్రైల్ మీద పడిన చెత్త తీయడం, దారి బాగుచేయడం లాంటివి కలప కొన్నవాళ్ల ఒప్పందంలోనే రాస్తారు. కొన్నిచోట్ల దారి పక్కకు జరుగుతుంది, అది నిజం. నీడ మాత్రం వెంటనే తిరిగి రాదు. చట్టం ప్రకారం మొక్కలు రెండేళ్లలో నాటాలి, అవి ఎదగడానికి టైం పడుతుంది. ఏ కూపు ఎక్కడ పడుతుందో ఆ ఏడాది ప్రణాళికను ముందే ప్రజాభిప్రాయానికి పెడతారు. "ఈ ట్రైల్ ఫలానా మలుపు దగ్గర కూపులోకి వస్తోంది, పక్కనుంచి దారి ఇవ్వండి" అని రాస్తే పనికొస్తుంది. "అడవిని నాశనం చేస్తున్నారు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

అపోహ: కలప డబ్బంతా అటవీశాఖ తింటుంది.

ఈ అడవి రాష్ట్రం చేతికి ఎలా వచ్చిందో చూస్తే అది కాదని తెలుస్తుంది. 1933లో ఇక్కడ ఒక్క కార్చిచ్చులో దాదాపు 2,40,000 ఎకరాలు కాలింది. 1939, 1945, 1951లో మళ్లీ అంటుకుంది. భూముల యజమానులు పన్ను కట్టడం మానేస్తే ఆ భూములు కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) పోయాయి. కలప రాబడిలో వాటా ఇవ్వాలన్న షరతు మీద కౌంటీలు వాటిని రాష్ట్రానికి అప్పగించాయి. ఇప్పటికీ దాదాపు మూడింట రెండొంతులు కౌంటీలకు, అక్కడి బడులు వగైరాలకే వెళ్తుంది. ఇప్పుడు కొడుతున్న డగ్లస్ ఫర్ చెట్లలో చాలావరకు 1949 నుంచి 1973 దాకా నాటినవే, బడిపిల్లలు కూడా వచ్చి నాటారు.

అపోహ: ఏటీవీ పర్మిట్ ఉంటే ఎక్కడైనా తిప్పొచ్చు.

కుదరదు. గుర్తించిన ట్రైల్స్, తెరిచి ఉన్న రోడ్లు, అంతే. వానాకాలంలో ట్రైల్ దిగి నడిపితే ఆ మట్టంతా సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే వాగుల్లోకి పోతుంది. సైలెన్సర్‌కు నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పనిసరి. బయల్దేరే ముందు రాత్రే మూసివేతల జాబితా చూసుకోండి, పొద్దున ట్రైల్ మొదట్లో బోర్డు మళ్లీ చదవండి. రెండిట్లో తేడా ఉంటే బోర్డు మాటే వినండి.